బోర్డు లేని టింకరింగ్ షెడ్డు, డిక్కీకి సొట్ట, ఫ్రిజ్ మీది అయస్కాంతం

ముందు రేటింగ్ చెప్పేస్తాను, 5కి 4. ఆ ఒక్కటి ఎందుకు కోశానో కింద చెప్తాను. షెడ్డు పేరు మాత్రం అడక్కండి, దానికి బోర్డే లేదు. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో లారీలకి బాడీలు కట్టే షెడ్ల మధ్య ఓ సందులో ఇరుక్కుని ఉంటుంది. నన్ను పంపింది మా ఆఫీసు డ్రైవరు, గుర్తు కూడా ఆయనే చెప్పాడు, గుమ్మంలో తలుపుల్లేని అంబాసిడర్ ఒకటి తుప్పు పట్టి ఉంటుంది, అక్కడ ఆగండి అని.

జరిగింది పెద్ద యాక్సిడెంటేం కాదు. ఎనికెపాడు నుంచి కారులో వస్తూ రామవరప్పాడు రింగు దగ్గర సిగ్నల్ పడితే నేను ఆగాను, నా వెనకున్న ట్రాలీ ఆటో ఆగలేదు. దిగి చూస్తే డిక్కీ కింద అరచేయంత సొట్ట, వెనక బంపర్ ఎడమవైపు చీలింది, టెయిల్ ల్యాంప్ పగిలింది, నంబర్ ప్లేటు వంగింది. ఆటోలో ఖాళీ కూల్‌డ్రింకు క్రేట్లు, నడిపేది ఇరవై ఏళ్లు నిండాయో లేదో అనిపించే కుర్రాడు. నేను నోరు తెరవకముందే చేతులు జోడించేశాడు. ఈలోపు పది మంది పోగయ్యారు, ఒకాయన ఐదు వేలకి తగ్గొద్దు సార్ అంటాడు, ఇంకొకాయన పోనీలెండి కుర్రాడు అంటాడు, ఇద్దరికీ నాతో గానీ వాడితో గానీ ఏ సంబంధం లేదు. వాడి జేబులో ఉన్నవి 700, అందులో 500 నా చేతిలో పెట్టాడు, నేనూ తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో ఇప్పటికీ తెలీదు, ఆ నోటు ఇంకా డాష్‌బోర్డులోనే ఉంది. చేసిన తెలివైన పని ఒక్కటే, బండ్లు పక్కకి తీయకముందే రెండు నంబర్ ప్లేట్లూ కనపడేలా నాలుగు ఫోటోలు తీసుకున్నాను.

ఆటోకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉంటుంది కదా, అందులోంచి రాబట్టొచ్చు కదా అని ఆఫీసులో సలహా ఇచ్చారు. రాబట్టొచ్చు, కాదని కాదు. దానికి పోలీసు కేసు కావాలి, తర్వాత మోటార్ యాక్సిడెంట్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కి వెళ్లాలి. చీలిన బంపర్ కోసం వకీలుని పెట్టుకునే ఓపిక నాకైతే లేదు.

మర్నాడు పొద్దున్నే కంపెనీ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాను. అక్కడ ఏసీ, కాఫీ, టై కట్టుకున్న అబ్బాయి, అంతా బాగానే ఉంది. ట్యాబ్‌లో బండి చుట్టూ ఒక రౌండు కొట్టి ఎస్టిమేట్ చేతిలో పెట్టాడు, జీఎస్టీతో కలిపి 25,474. కొత్త బంపర్ 5,200, ల్యాంప్ 3,400, మిగతాదంతా డెంటింగ్, పెయింటింగ్, బిగింపు. బంపర్ అతికించడానికి అవదా అంటే "మేం రిపేర్ చేయం సార్, మార్చడమే" అన్నాడు. "అయినా మీకేం సార్, ఇన్సూరెన్స్ ఉందిగా" అని కూడా అన్నాడు. ఆ మాటకి నేను దాదాపు సంతకం పెట్టేశాను.

పెట్టకుండా ఆటోనగర్ ఎందుకెళ్లానంటే, డ్రైవరు పోరు పడలేక. షెడ్డు ఓనరుకి అరవై దాటి ఉంటాయి, కుర్రాళ్లంతా బాబాయ్ అంటారు, నేనూ అలాగే పిలిచాను. ఆయన సొట్ట కేసి చూడనైనా చూడకుండా డిక్కీ తెరిచి, స్టెప్నీ బయట పెట్టించి, కార్పెట్ ఎత్తి, కింద రేకు అతుకుల వెంట టార్చి వేసుకుంటూ పోయాడు. ఫ్లోరు ముడత పడిందా, అతుకుల్లో సీలెంట్ పగిలిందా అని చూడటమట. "ఇది బాగుంది బాబూ, దెబ్బ లోపలికి పోలేదు" అన్నాక అప్పుడు లేచి సొట్ట చూశాడు. టై కట్టుకున్న అబ్బాయి ఈ పని చేయలేదు.

తర్వాత అడిగిన మొదటి ప్రశ్న డబ్బు గురించి కాదు. "పాలసీ ఏంటి? జీరో డెప్ ఉందా? బోనస్ ఎంత నడుస్తోంది?" జీరో డెప్ అంటే సామాను పాతబడిందని కోత వేయకుండా ఇచ్చే ఇన్సూరెన్స్, బోనస్ అంటే క్లెయిమ్ లేని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. ఫోన్‌లో పాలసీ తీసి చూపించాను. జీరో డెప్ లేదు, ఆరో ఏడు నడుస్తున్న బండి, ఐదేళ్లుగా ఒక్క క్లెయిమూ లేదు కాబట్టి నో క్లెయిమ్ బోనస్ 50 శాతం. ఆయన ఒక ఎమరీ పేపర్ ముక్క వెనక్కి తిప్పి లెక్క వేశాడు. జీరో డెప్ లేకపోతే ప్లాస్టిక్ సామానుకి సగమే ఇస్తారు, అంటే బంపరూ ల్యాంపూ కలిపి నా చేతి నుంచి 4,300. పెయింటు మెటీరియల్‌లో సగం కోత, అదో పద్దెనిమిది వందలు. 1500 సీసీ లోపు బండి కాబట్టి తప్పనిసరి కోత ఇంకో 1,000. మొత్తం ఏడు వేల పైమాట, క్లెయిమ్ చేసి కూడా.

అసలు దెబ్బ ఆ తర్వాత. ఒక్క క్లెయిమ్ పెడితే బోనస్ సున్నాకి పడుతుంది, మళ్లీ ఏడాదికోసారి 20, 25, 35, 45 ఎక్కుతూ 50కి చేరాలి. బోనస్ తీయకముందు నా ఓన్ డ్యామేజ్ ప్రీమియం, అంటే సొంత బండి దెబ్బలకి కట్టే భాగం, 7,000 దాకా ఉంది. అదే లెక్కన బోనస్ పోయినందుకు నేను అదనంగా కట్టాల్సింది మొదటి ఏడు 3,500, రెండో ఏడు 2,100, తర్వాత 1,750, 1,050, 350, కలిపితే 8,750. ఏటా బండి విలువ తగ్గుతుంది కాబట్టి నిజానికి ఇంకాస్త తక్కువే అవ్వచ్చు, అయినా మొత్తం మీద పదిహేను వేలకి అటూ ఇటూ నా జేబులోంచే. "నాకు 11,500 ఇస్తే చేసిస్తా, ల్యాంపు కంపెనీదే వేస్తా, డూప్లికేట్ కాదు. అదే మీకు జీరో డెప్ ఉంటేనో, బోనస్ ఇంకా ఇరవైలో ఉంటేనో షోరూమ్‌కే పొమ్మనేవాణ్ణి" అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు, క్లెయిమ్ పెట్టే ఆలోచన ఏ మూలనున్నా ఇన్సూరెన్స్ వాళ్ల సర్వేయర్ చూసేదాకా బండి మీద సుత్తి పడనివ్వొద్దని. విప్పేశాక పోయి అడిగితే ఇన్సూరెన్స్ వాళ్లు ఒప్పుకోరు.

నేను ఒప్పుకున్నాను కానీ భయం పోలేదు. చాలాచోట్ల సొట్టని సరిగ్గా లాగకుండా లప్పం మందంగా మెత్తి పైన పెయింటు కొట్టేస్తారు, కొన్నాళ్లకి అది బీటలు వారుతుంది. లప్పం మందంగా ఉన్నచోట అయస్కాంతం పట్టదని ఎక్కడో విన్నాను, అందుకని రెండో రోజు వెళ్లేటప్పుడు మా ఫ్రిజ్ మీదున్న వెంకటేశ్వరస్వామి అయస్కాంతం జేబులో వేసుకెళ్లాను. వెళ్లేసరికి డిక్కీ తలుపు లోపలి ప్లాస్టిక్ విప్పేసి, కుర్రాడు లోపలి నుంచి ఇనప దిమ్మ ఆనించి పట్టుకుంటే బాబాయ్ బయటి నుంచి సుత్తితో చిన్నచిన్నగా కొడుతున్నాడు. నాలుగు దెబ్బలు కొట్టడం, పలచటి గుడ్డ పరిచి దాని మీద అరచెయ్యి నిమరడం, మళ్లీ కొట్టడం. గుడ్డ ఎందుకంటే చెయ్యి జారుతుందిట, ఉత్త చేత్తో తెలియని ఎత్తుపల్లాలు గుడ్డ మీంచి తెలుస్తాయిట. నన్నూ నిమరమన్నాడు, నాకేం తెలీలేదు.

సాయంత్రం లప్పం పూసి ఆరాక, ఆయన టీకి వెళ్లాడు కదా అని అయస్కాంతం తీసి పెట్టాను. టక్కున పట్టుకుంది. వెనక నుంచి "అంటుకున్నాడా స్వామి?" అని వినపడింది. పదేపదే సారీ చెప్పాను, ఆయనకి కోపమేం రాలేదు, "అడిగితే నేనే ఇద్దును, నా దగ్గర పెద్దది ఉంది" అన్నాడు.

కలర్ దగ్గర ఇంకో రోజు పోయింది. నా బండి సిల్వర్. కంపెనీ కోడ్ ప్రకారం కలిపింది కొత్త బండికి సరిపోతుంది, ఆరేళ్లు ఎండలో మాడినదానికి సరిపోదు. చిన్న రేకు ముక్క మీద కొట్టి, పైన క్లియర్ కోటు అనే రంగులేని పూత కూడా వేసి ఆరబెట్టి, ఎండలోకి తెచ్చి బండి పక్కన పెట్టాడు. ఎదురుగా చూస్తే నాకు ఒకటే రంగు. "ఇటొచ్చి పక్క నుంచి చూడండి" అన్నాడు, నిజమే, నల్లబడి కనిపించింది. రెండో ముక్క తేలిపోయింది. మూడోది కుదిరింది. నేనైతే మొదటిదానికే సరే అనేసేవాణ్ణి. బంపర్ చీలికని లోపలివైపు వేడి తీగలతో కుట్టి అతికించారు, వంగిన నంబర్ ప్లేటుని చెక్క మీద పెట్టి సాపు చేశారు, ఆ రెంటికీ వంక పెట్టడానికి లేదు.

ఇక కోసిన మార్కు సంగతి. మూడు రోజులన్నాడు, ఐదు రోజులు పట్టింది, మధ్యలో ఫోన్ చేస్తే ఎత్తడు. బిల్లంటే గులాబీ రంగు చీటీ మీద అంకెలు, స్టాంపు కూడా ఉండదు, కాబట్టి ఆఫీసులో బిల్లు పెట్టి డబ్బు తీసుకునేవాళ్లకి పనికిరాదు. పెయింటు కొట్టేది పాలిథీన్ కవర్లు కట్టిన మూలలో, అక్కడికి పక్క షెడ్డులో గ్రైండర్ దుమ్మంతా వస్తుంది, దాంతో బంపర్ ఎడమ మూల క్లియర్ కోటులో ఆవగింజంత దుమ్ము నలుసులు మూడు ఉండిపోయాయి. వెనక అద్దం రబ్బరు మీద కూడా సిల్వర్ తుంపర పడింది, అది ఇంట్లో నేనే గోటితో గీక్కున్నాను. కూర్చోడానికి తిరగేసిన పెయింటు డబ్బా, వర్షమొస్తే అంబాసిడర్.

నలుసులు చూపిస్తే ఒప్పుకున్నాడు, వాదించలేదు. క్లియర్ కోటు గట్టిపడాలి, ఆదివారం రండి, వాటర్ పేపర్ వేసి పాలిష్ పట్టిస్తా, డబ్బులొద్దు అన్నాడు. రెండు ఆదివారాలు పోయాయి. ఫోన్ ఎలాగూ ఎత్తడు, ఈ ఆదివారం నేరుగా వెళ్తున్నాను. నలుసులు పోతే ఇక్కడే 5 చేస్తాను.