డిడ్జరీడూ కోసం డార్విన్ నుంచి యిర్కలా దాకా

మా పాపకు పదకొండేళ్లు. మెల్‌బోర్న్‌లో స్కూల్లో డిడ్జరీడూ విన్న రోజు నుంచి తనూ ఊదాలని ఒకటే పట్టు. పొడవాటి బోలు చెక్క గొట్టంలా ఉండే ఆ వాద్యం ఉత్తర ఆస్ట్రేలియా ఆదివాసీలది. అక్కడికే తీసుకెళ్దామని జులై సెలవులకు డార్విన్ టికెట్లు తీశాం.

డార్విన్‌లో మిండిల్ బీచ్ సంత వానల్లేని నెలల్లో గురు, ఆదివారాలు సాయంత్రం పెడతారు. తిండికీ సూర్యాస్తమయానికీ తప్పక వెళ్లండి. వాద్యం కొనడానికి మాత్రం ఊళ్లో తొందరపడొద్దు. ఒక షాపులో పాప చేతికి ఒకటిచ్చి ఊదమన్నారు. ఏ చెట్టుది, ఎవరు చేశారంటే జవాబు లేదు. లోపలికి చూస్తే డ్రిల్లు పెట్టినట్టు నున్నగా ఉంది. అసలుదాన్ని తొలిచేది చెదపురుగులు, లోపలంతా ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఇక్కడ ఆదివాసీ శైలి సావనీర్ల మీద జనం పెట్టే డబ్బులో సగానికి పైగా నకిలీలకే పోతోందని 2022లో ప్రభుత్వ నివేదికే చెప్పింది.

కేథరిన్ ఊరు డార్విన్‌కు దక్షిణంగా 320 కిలోమీటర్లు. 1989లో అక్కడి ఆదివాసీలైన జావొయిన్ ప్రజలకు తిరిగి దక్కిన నిట్‌మిలుక్ లోయలో పొద్దున్నే పడవెక్కండి, ఎండ ముదిరితే కష్టం. మేము దిగిన మోటెల్‌లో రాత్రంతా ఏసీ మోత. ఊళ్లో ఒకచోట డిడ్జరీడూ నేర్పిస్తామంటే వెళ్లాం. మావారికి ఇచ్చారు. పాప చెయ్యి చాపితే, "ఇది మగవాళ్లదమ్మా" అన్నారు నేర్పించే ఆయన నెమ్మదిగా. దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ కోపం వచ్చింది. మన దగ్గర నాదస్వరం వాయించే ఆడవాళ్లు అరుదే అయినా, కాలీషాబీ గారు భర్తతో కలిసి వాయించి 2020లో పద్మశ్రీ అందుకున్నారు కదా అనిపించింది.

ఆ కోపం తగ్గింది యిర్కలా అనే ఆదివాసీ ఊళ్లో. డార్విన్ నుంచి గంటకు పైగా విమానంలో న్హులున్‌బుయ్, అక్కడి నుంచి కాసేపు కారులో యిర్కలా. రోడ్డున వెళ్తే ఆదివాసీ భూముల వ్యవహారాలు చూసే నార్తర్న్ ల్యాండ్ కౌన్సిల్ పర్మిట్ కావాలి, దారి చాలావరకు మట్టిదే. గదులు తక్కువ, రేట్లు ఎక్కువ, ఆగస్టులో ఆదివాసీల గర్మా పండుగ ఉంటుంది కాబట్టి ముందే బుక్ చేసుకోవాలి. సముద్రం ఎంత అందంగా ఉన్నా దిగకూడదు, మొసళ్లుంటాయి.

ఇక్కడి ఆదివాసీలైన యోల్ఙు ప్రజలు డిడ్జరీడూను యిడకి అంటారు. బుకు-లార్ఙ్గయ్ ముల్కా ఆర్ట్ సెంటర్‌లో ఒక పెద్దావిడను మా సంగతి అడిగాను. క్రతువుల్లో ఊదేది మగవాళ్లే, అందులో మార్పు లేదన్నారు. ఇంటి దగ్గర ఆడపిల్ల సరదాగా ఊదితే మాత్రం ఇక్కడ ఎవరూ తప్పు పట్టరట. ఈ వాద్యం మొదట్లో లేని ఆగ్నేయ ప్రాంతాల్లోనే నిషేధం ఇంకా గట్టిగా పాటిస్తారట. 2008లో అమ్మాయిల పుస్తకమొకదానిలో డిడ్జరీడూ పాఠం పెడితే, ఆదివాసీ విద్యావేత్త అభ్యంతరం చెప్పాక ప్రచురణకర్తలు క్షమాపణ చెప్పారు. ఆ విద్యావేత్తది మేముండే విక్టోరియానే.

అంటే కేథరిన్‌లో ఆయన పాపను తక్కువ చేయలేదు, తన పెద్దలు చెప్పింది పాటించారు. పాపకు అలాగే చెప్పాను.

అక్కడే ఒక కుర్రాడు యిడకి ఊదాడు. వాద్యం మూతికి తేనెమైనం, ముక్కుతో గాలి పీలుస్తూనే బుగ్గల్లోంచి వదులుతున్నాడు, మధ్యలో బూరలాంటి కేక. పెద్దావిడ పాప అరచేతిని ఆ చెక్క మీద ఆనించి పట్టుకున్నారు. ఊదుతానని అది మళ్లీ అడగలేదు. పాట ఆగాక కూడా చెయ్యి తీయలేదు.