గూడు ఫోటోనా, మేత ఫోటోనా, జూ ఫోటోనా: ఏది మేలు?

చలి మొదలైందంటే చాలు, తిరుపతిలో కెమెరా ఉన్నవాళ్ళ మధ్య ఒకటే చర్చ: ఈ ఆదివారం నేలపట్టు పక్షుల కేంద్రానికా, పులికాట్ సరస్సుకా? 2022లో జిల్లాలు విడదీశాక నేలపట్టు, పులికాట్‌లో ఆంధ్ర వైపు భాగం తిరుపతి జిల్లాలోకే వచ్చాయి కాబట్టి 'మన పక్షులు' అనే చనువు కూడా పెరిగింది. అంత దూరం ఎందుకు, ఊళ్ళోనే జూ ఉందిగా అనేవాళ్ళూ లేకపోలేదు. ఫోటో ఎక్కడ బాగా వస్తుందన్నది కాసేపు పక్కన పెట్టి, ఎక్కడ తీస్తే పక్షికి తక్కువ నష్టమో చూద్దాం.

నేలపట్టులో గూడబాతులు (పెలికాన్లు) చెరువు నీళ్ళలో నిలబడిన 'కడప' అనే రకం చెట్ల మీద గూళ్ళు కడతాయి. పిల్ల తన తలని మెడ దాకా తల్లి గొంతు సంచిలోకి దూర్చి చేప లాక్కుంటుంది. ఆ ఒక్క ఫ్రేమ్ కోసమే చాలామంది పోతారు. చిక్కంతా అక్కడే. పుట్టిన కొత్తలో పిల్లకి ఒంటి మీద ఈక ఉండదు, దానికి నీడ అంటే తల్లి ఒళ్ళే. మన అలికిడికి పెద్ద పక్షి లేచిందా, ఒకవైపు ఎండ, ఇంకోవైపు కాకి. గుడ్లున్న గూటి మీద కాకి వాలడానికి ఎంతసేపు పడుతుంది? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం గుడ్లనీ గూటినీ కదిలించడాన్ని కూడా 'వేట' అన్న మాట కిందే చేర్చింది. 'నేను ముట్టుకోలేదు సార్, డ్రోన్ మాత్రమే ఎగరేశా' అనేవాళ్ళున్నారు. తల మీద గిర్రున తిరిగేదాన్ని గద్దకన్నా మంచిదని పక్షి ఎందుకు అనుకోవాలి?

పులికాట్ కథ వేరు. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు సరస్సు మధ్యగానే సాగుతుంది. పెద్ద ఫ్లెమింగోలు మన దేశంలో గూళ్ళు పెట్టేది ముఖ్యంగా కచ్ రణ్‌లో. ఇక్కడికి వచ్చేది తిండికే. అంటే గుడ్ల టెన్షన్ లేదు. మనం చెడగొట్టగలిగేది వాటి భోజనం ఒక్కటే, అది కూడా ఆపుకోవచ్చు, ఎందుకంటే అవి ముందే చెబుతాయి. ముక్కు తలకిందులుగా నీళ్ళలో పెట్టి జల్లెడ పడుతున్నంతసేపూ మనం వాటికి లెక్కలో లేము. ఒక మెడ పైకి లేస్తుంది, తర్వాత పక్కది, తర్వాత గుంపంతా. మొదటి మెడ లేచినప్పుడే ఆగిపోవాలి. కారు సురక్షితంగా పక్కకి ఆపి అద్దంలోంచే తీస్తే అంతగా బెదరవు, డోరు తీసి బురదలోకి దిగితేనే దూరం జరిగిపోతాయి. ఎగిరే ఫోటో కావాలని చప్పట్లు కొట్టేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. అంత బరువైన పక్షి నీళ్ళ మీద పరుగెత్తి పరుగెత్తి గానీ లేవలేదు. దాని పొద్దుటి మేతంతా ఆ పరుగుకే ఖర్చు.

అందుకే నా ఓటు మేత ఫోటోకే. గూడు ఫోటో మానలేనివాళ్ళు వాచ్ టవర్ దిగకుండా, పొడవు లెన్స్‌తో, పిల్లలకి ఈకలు వచ్చాక వెళ్ళడం నయం. అప్పుడు కూడా గోల చేస్తే బెదిరిన పిల్ల గూట్లోంచి జారిపడే ప్రమాదం ఉంటుంది.

1987లో మొదలైన మన శ్రీ వేంకటేశ్వర జూ చేయి తిరగడానికి భేషైన చోటు. ఫోకస్, షట్టర్ వేగం, కదిలే జంతువుని పట్టుకోవడం అన్నీ అక్కడే నేర్చుకోవచ్చు. ఫ్లాష్ వద్దు. కింద 'జూలో తీసినది' అని రాయాలి, అంతే.

ఇక శేషాచలంలో బంగారు బల్లి, దేవాంగ పిల్లి (రాత్రిపూట తిరిగే చిన్న జంతువు, స్లెండర్ లోరిస్) కనబడితే వీటి లెక్కే వేరు. ఫోటోకి బాగుంటుందని బల్లిని పట్టుకొచ్చి వేరే రాయి మీద పెట్టడం, దేవాంగ పిల్లి కళ్ళలోకి టార్చి కొట్టడం అసలు వద్దు. ఫోటో పెట్టేముందు లొకేషన్ తీసేయండి. ఎక్కడ అని అడిగితే 'తిరుపతి చుట్టుపక్కల' అంటే చాలు.