పాపియాన్ కుక్కతో కాపురం: మా జున్నుగాడి రిపోర్టు

మా జున్నుగాడు ఇంటికొచ్చి ఎనిమిదేళ్ళు దాటింది. డాలస్ దగ్గర మా కాలనీలో వాణ్ణి నడకకి తీసుకెళ్తే ఎదురొచ్చే మనవాళ్ళలో సగం మంది ఆగి అడిగేది ఒకటే, "భలే ఉందే! చిన్న కుక్క కదా, పెద్దగా పనేం ఉండదనుకుంటా?" అని. ఉంటుందండీ, చాలా ఉంటుంది. నాలుగు కేజీల ప్రాణికి ఇంత బుర్ర ఎందుకిచ్చాడో ఆ దేవుడికే తెలియాలి. ఆ బుర్రకి రోజూ మేత వెయ్యకపోతే తనే ఏదో ఒక పని వెతుక్కుంటుంది, ఆ పని మనకి నచ్చదు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. పాపియాన్ అంటే యూరప్‌లో పుట్టిన బుల్లి స్పానియల్ (పొడుగు చెవుల కుక్కల రకం) జాతి. ఎత్తు 8 నుంచి 11 అంగుళాలు, బరువు 5 నుంచి 10 పౌండ్లు, తెల్లటి ఒంటి మీద నలుపో గోధుమరంగో మచ్చలు, సీతాకోకచిలుక రెక్కల్లా విచ్చుకున్న చెవులు. చెవులు కిందికి వాలి ఉండే రకం కూడా ఈ జాతిలోదే, దాన్ని ఫాలీన్ అంటారు, ఒకే ఈతలో రెండు రకాలూ పుట్టొచ్చు. 13 నుంచి 15 ఏళ్ళు బతుకుతాయి. అంటే ఐదో క్లాసులో ఉన్న పిల్ల ఏడ్చి గోల చేసిందని కొంటే, ఆ పిల్ల కాలేజీకి వెళ్ళిపోయాక కూడా దాన్ని చూసుకోవాల్సింది మీరే.

తెలివి సంగతి చెప్తాను, ఎందుకంటే ఈ కుక్కలో అసలు సుఖమూ అసలు కష్టమూ అక్కడే ఉన్నాయి. స్టాన్లీ కోరెన్ అనే సైకాలజీ ప్రొఫెసర్ ఒబీడియన్స్ (చెప్పిన మాట వినే) పోటీల జడ్జిలని అడిగి తెలివిలో ఏ జాతి ఎక్కడుందో ఒక జాబితా చేశారు. అందులో లాబ్రడార్‌ది 7వ స్థానం, రాట్‌వైలర్‌ది 9, మధ్యలో 8 మన పాపియాన్‌ది. మా ఇంట్లో 'వాక్' అనే మాట పైకి అనడం ఎప్పుడో మానేశాం, వింటే చాలు గుమ్మం దగ్గర గిరగిరా తిరిగేవాడు. దాని బదులు 'షికారు' అనడం మొదలుపెడితే వారం తిరక్కుండా అదీ పట్టేశాడు. ఇప్పుడు మా ఆయన 'సాయంత్రం కార్యక్రమం' అంటున్నారు, దానికీ చెవులు నిక్కబొడుస్తున్నాయి.

ఒంటికీ రెంటికీ వెళ్ళాలంటే ముక్కుతో తట్టమని పెరటి తలుపుకి మువ్వలు కట్టాం. చిటికెలో నేర్చుకున్నాడు. కొన్నాళ్ళకి ఫెన్స్ మీద ఉడత కనిపించినా మోగించడం, మేమందరం సినిమా చూస్తూ వాణ్ణి పట్టించుకోకపోయినా మోగించడం మొదలైంది. నేను లేచి వెళ్ళి తలుపు తీస్తే బయటికి పోడు, నిలబడి నా మొహం వంక చూస్తాడు, లేపానా లేదా అన్నట్టు. అలాగని ఇల్లు పాడుచేయకుండా ఉండటం తొందరగా వచ్చిందనుకోకండి, నెలలు పట్టింది. చిన్న కుక్క ఎక్కువసేపు ఆపుకోలేదు, పైగా వీడు వాన పడితే గడ్డి మీద కాలు పెట్టడు. పొద్దున నడక, సాయంత్రం పెరట్లో బంతి, మధ్యాహ్నం గింజలు దాచి వెతికించే బొమ్మ, ఇదీ మా దినచర్య. ఎగ్గొట్టిన రోజు టిష్యూ పెట్టె, మా అబ్బాయి సాక్సులు ఖతం.

మా అత్తయ్యగారు గుంటూరు నుంచి ఆర్నెల్లకి వచ్చినప్పుడు, దేవుడి గది ఉన్న ఇంట్లో కుక్కేమిటమ్మా అని చాలా ఇదయ్యారు. అయినా వాడికి అందరికంటే మంచి ట్రైనింగ్ ఇచ్చింది ఆవిడే, బిస్కెట్టు లేకుండా, ఉత్త గొంతుతో. "ఆగు" అని వేలు చూపిస్తే దేవుడి గది ముందు కార్పెట్ అంచు దగ్గర ఆగిపోతాడు, ముందుకాళ్ళు సరిగ్గా అంచుకి ఆనించి పడుకుంటాడు, హారతి గంట మోగగానే లేస్తాడు. భక్తి కాదు, ప్రసాదం. ఇక్కడే మన ఇళ్ళల్లో జాగ్రత్త కావాలి. తిరుపతి లడ్డూలో ఎండుద్రాక్ష ఉంటుంది, అది కుక్కల కిడ్నీలని దెబ్బతీస్తుంది, ఏ కుక్కకి ఎంత తింటే ప్రమాదమో ముందే చెప్పలేరు, ఇంత చిన్న ఒంటికి నాలుగు పలుకులు కూడా రిస్కే. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలని పాడుచేస్తాయి, మరి మన వంటల్లో అవి లేనివెన్ని? సాంబారన్నం, చికెన్ గ్రేవీ, ఉప్మా ఏవీ పెట్టకూడదు. "ఒక్క ముద్దకేమవుతుందే, మా ఊళ్ళో కుక్కలు తినట్లా?" అని ఆవిడ వాదించారు. చివరికి ఉప్పు వెయ్యని పెరుగన్నం ఒక చెంచా దగ్గర రాజీ కుదిరింది.

ఇక నాకు ఇప్పటికీ టెన్షన్ పెట్టేది వాడి కాళ్ళు. ముందుకాళ్ళ ఎముకలు మరీ సన్నం, సోఫా మీంచి దూకినా, ఎత్తుకున్నవాళ్ళ చేతుల్లోంచి జారినా విరిగే ప్రమాదం ఉంది. సోఫాకీ మంచానికీ మెట్లు కొన్నాం, వాడు ఎక్కడానికి వాడతాడు, దిగడానికి మాత్రం తనిష్టం. శనివారం పాట్‌లక్ (తలో వంటా తెచ్చుకునే విందు) పెట్టుకుంటే పదిమంది పిల్లలు ఇంట్లో పరుగెడుతూ ఉంటారు, వచ్చినవాళ్ళు వచ్చినట్టు గుమ్మంలో నిలబడి చెప్పులు విప్పుతూ కబుర్లు మొదలుపెడతారు, తలుపు బార్లా తెరిచే ఉంటుంది, ఈలోగా వీడు అందరి కాళ్ళ సందుల్లోంచి రోడ్డు మీదికి పోయే రకం. అందుకే జనం వచ్చే వేళకి మేడ మీద గదిలో గేటు వెనక ఉంటాడు, అందరూ సర్దుకున్నాక కిందికి దించుతాం. పిల్లలెవరూ ఎత్తుకోకూడదు, కింద కూర్చుంటే వాడే వస్తాడు. ఐదారేళ్ళ లోపు పిల్లలున్న ఇంటికి నేనైతే ఈ కుక్క వద్దనే చెప్తాను, ఎంత బుద్ధిమంతులైన పిల్లలైనా సరే. మా వైపు కొయోటీలు (నక్కల్లాంటివి), గద్దలు కూడా తిరుగుతుంటాయి కాబట్టి పెరట్లో ఒంటరిగా వదలం.

మోకాలి చిప్ప జారడం ఈ జాతిలో మామూలు. మావాడు పరుగెడుతూ పరుగెడుతూ ఉన్నట్టుండి వెనకకాలు ఒకటి ఎత్తి రెండు మూడు గెంతులు గెంతి, మళ్ళీ ఏమీ జరగనట్టు పరుగు తీసేవాడు. మొదట చూపించినచోట వెంటనే సర్జరీ అన్నారు. ఇంకో చోటికి వెళ్తే రెండో గ్రేడే, నాలుగు వరకూ ఉంటాయి, బరువు పెరగనివ్వకుండా కండ గట్టిగా ఉంచండి, ఏడాదికోసారి చూద్దాం అన్నారు. ఇప్పటికీ అలాగే నడుస్తోంది. పళ్ళు మాత్రం డబ్బు తినేస్తాయి. చిన్న నోట్లో అన్ని పళ్ళు ఇరుక్కుని ఉంటాయి, గార త్వరగా పడుతుంది. పాలపళ్ళు కొన్ని ఊడక మిగిలిపోతే న్యూటర్ (పిల్లలు పుట్టకుండా ఆపరేషన్) చేసినప్పుడే తీయించాం. రోజూ బ్రష్ చేస్తున్నా మత్తిచ్చి క్లీనింగ్ చేయించక తప్పలేదు, మొన్నటి బిల్లు వెయ్యి డాలర్లు దాటింది. ఇన్సూరెన్స్ తీసుకునేవాళ్ళు పళ్ళకి ఏం కవర్ చేస్తారో చదివి తీసుకోండి.

జుట్టు చూసి భయపడక్కర్లేదు. పైకి కనిపించే పట్టులాంటి పొర తప్ప అడుగున రెండో పొర ఉండదు, వారానికి రెండు మూడుసార్లు దువ్వితే చాలు, చెవుల వెనకా తోక కిందా మాత్రం చిక్కులు చూసుకోవాలి. టెక్సస్ గడ్డిలో ఉండే పల్లేరు లాంటి ముళ్ళు కాళ్ళ కుచ్చుల్లో ఇరుక్కుంటే మాత్రం ఓపికగా కూర్చుని ఒక్కొక్కటీ తీయాలి. నాలుగైదు నెలల వయసులో కుక్కపిల్లకి ఉన్న బొచ్చంతా రాలి మొహం బోసిపోతుంది, కంగారు పడకండి, నిండుగా రావడానికి రెండేళ్ళు పడుతుంది.

మొరుగుతాడా? మొరుగుతాడు. డెలివరీ వ్యాను, డోర్‌బెల్, టీవీలో డోర్‌బెల్. పల్చటి గోడల అపార్ట్‌మెంట్లో ఉంటే పక్కింటివాళ్ళతో మాట పడాల్సి వస్తుంది. జులై 4న (అమెరికా స్వాతంత్ర్య దినం), దీపావళికి టపాసుల మోత వినపడకుండా బాత్రూములో ఫ్యాన్ వేసుకుని వాడి పక్కన ఒకరం కూర్చుంటాం.

ఎండాకాలం ఇక్కడ వంద ఫారెన్‌హీట్ దాటితే సిమెంటుకి పాదాలు కాలతాయి, అందుకని పొద్దున ఏడు లోపే నడక. చలికి ఆ ఒక్క పొర బొచ్చు ఆగదు. 2021 ఫిబ్రవరిలో మంచు తుఫానుకి కరెంటు పోయినప్పుడు మా అమ్మాయి స్వెట్టర్లో దూరి దుప్పటి కింద గడిపాడు. దోమల వల్ల హార్ట్‌వర్మ్ (గుండెలో చేరే పురుగు) వస్తుంది, దానికి మాత్ర నెలనెలా ఏడాది పొడుగునా వెయ్యాల్సిందే.

ఇండియా వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళొచ్చా అని చాలామంది అడుగుతారు. విమానంలో సీటు కింద సంచీలో పట్టే సైజే, దేశం లోపల అలా తిప్పాం కూడా. కానీ 2024 ఆగస్టు నుంచి అమెరికాలోకి వచ్చే కుక్కల మీద సీడీసీ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) కొత్త నిబంధనలు పెట్టింది, రేబిస్ ప్రమాదం ఎక్కువున్న దేశాల జాబితాలో ఇండియా ఉంది, మైక్రోచిప్, ఇక్కడి టీకా సర్టిఫికెట్టు, ఫారాలు అన్నీ ప్రయాణానికి ముందే సిద్ధం చేసుకోవాలి. మేం ఆ గొడవ పడలేక కుక్క ఉన్న ఫ్రెండ్స్ ఇంట్లో వదిలి వెళ్తాం, వాళ్ళు వెళ్ళినప్పుడు వాళ్ళది మా ఇంట్లో.

కొనేవాళ్ళు తల్లిదండ్రుల మోకాళ్ళు, కళ్ళు, గుండె పరీక్షల రిపోర్టులు అడగండి, ఓఎఫ్‌ఏ (కుక్కల ఆరోగ్య పరీక్షల ఫలితాలు నమోదుచేసే సంస్థ) వెబ్‌సైట్లో కుక్క పేరు కొట్టి మీరే చూసుకోవచ్చు. రిపోర్టులు అడగ్గానే మాట మార్చేవాళ్ళ దగ్గర కొనకండి. హైదరాబాద్‌లో ఉన్న మా చెల్లి కూడా ఒకటి కావాలంటోంది, అక్కడ ఈ జాతి అరుదు, ఫొటో చూసి డబ్బు పంపకుండా తల్లిని కళ్ళతో చూశాకే తీసుకోమన్నాను. అమెరికాలో ఉన్నవాళ్ళయితే పాపియాన్ రెస్క్యూ గ్రూపుల్లో (ఇల్లు లేని కుక్కలకి ఇల్లు చూసేవాళ్ళు) కూడా అడగండి, నాలుగైదేళ్ళ వయసువి, ఇల్లు పాడుచేయనివి దొరుకుతుంటాయి, ఇంటికి వచ్చి చూసి మరీ ఇస్తారు కాబట్టి పెరటి ఫెన్స్ కింద సందులుంటే ముందే పూడ్పించుకోండి.