షూర్ ఎస్ఎం58: చర్చి పాటల బృందం చేతిలో ఎలా పనిచేస్తుంది

పాటల బృందానికి మైకులు కొందామని చర్చి కమిటీలో మాట రాగానే రెండు వాదనలు లేస్తాయి. షూర్ కంపెనీది కొనేస్తే ఇక చూసుకోనక్కర్లేదని కొందరు, ఆ డబ్బుతో మామూలువి నాలుగొస్తాయి కదా అని మరికొందరు. కొనే మైకు పదిహేనేళ్ల పిల్లల చేతికి వెళుతుందన్న సంగతి ఇద్దరూ మరిచిపోతారు. ఎస్ఎం58ని ఇక్కడ ఆ కోణంలోనే చూస్తున్నాం. ఆరాధన నడిపించేవాళ్లకు, వాళ్ల వెనక పాట నేర్చుకుంటున్న పిల్లలకు ఇది ఎంతవరకు పనికొస్తుంది?

ఈ మైకు 1966 నుంచీ అమ్ముడవుతోంది. పేరులోని ఎస్ఎం అంటే స్టూడియో మైక్రోఫోన్. పేరు స్టూడియోది, బతుకంతా స్టేజీ మీద. ఇది డైనమిక్ రకం, అంటే బ్యాటరీ అక్కర్లేదు, మిక్సర్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ కరెంటూ అక్కర్లేదు. మంచి కేబుల్ ఉంటే, పొరపాటున ఆ స్విచ్ నొక్కినా దీనికేమీ కాదు. 50 నుంచి 15,000 హెర్ట్జ్ (శబ్దం ఎంత మంద్రమో, ఎంత తారమో చెప్పే కొలత) దాకా శబ్దాలను అందుకుంటుంది. బరువు 298 గ్రాములు. ముందువైపు శబ్దాన్ని బాగా తీసుకుంటుంది, పక్కల నుంచి తక్కువగా, సరిగ్గా వెనకనుంచి అతి తక్కువగా. ఈ చివరి సంగతితో చర్చిలో చాలా పని పడుతుంది, ముందు ముందు చెప్తాం.

పెట్టెలో మైకు, స్టాండుకు బిగించే క్లిప్పు, మరలు కలవకపోతే పెట్టుకునే చిన్న అడాప్టరు, ఒక సంచీ ఉంటాయి. మోడల్ పేరు చివర ఎల్‌సీ అని ఉంటే కేబుల్ రాదని అర్థం, అది విడిగా కొనాలి. స్విచ్ ఉన్నది ఎస్ఎం58ఎస్. మిక్సర్ దగ్గర సౌండ్ చూసే మనిషి ఉన్నచోట స్విచ్ లేనిదే మేలు. పిల్లలు స్విచ్ ఆపేసి పల్లవి ఎత్తుకుంటారు, సౌండ్ చూసే అబ్బాయి గెయిన్ (మైకు సిగ్నల్‌ను పెంచే నాబు) పెంచుతూ పోతాడు, ఆ తర్వాత ఎవరో స్విచ్ వేస్తారు. అప్పుడు సంఘమంతా చెవులు మూసుకోవాల్సిందే.

ధర పది వేలకు అటూ ఇటూ ఉంటుంది. రెండు మూడు వేలకు కొత్తది ఇస్తామంటే అది నకిలీదే అనుకోండి. ఈ మోడల్‌కు ఉన్నన్ని నకిలీలు ఇంకే మైకుకూ లేవనిపిస్తుంది. కొనేముందు వంటింటి డిజిటల్ తూకం మీద పెట్టి చూడండి, 298 గ్రాములకు బాగా తేడా వస్తే అనుమానించాలి. కేబుల్ పెట్టే చోట మూడు పిన్నుల పక్కన 1, 2, 3 అని అంకెలు ఉన్నాయేమో చూడండి. ఈ గుర్తుల్ని కూడా కాపీ కొట్టేవాళ్లున్నారు కాబట్టి అధీకృత డీలరు దగ్గర బిల్లుతో కొనడమే అసలు పరీక్ష.

ఇక గొంతు సంగతి. 58లో 100 హెర్ట్జ్ కింద మంద్రం తగ్గుతూ పోతుంది, 4,000 నుంచి 6,000 హెర్ట్జ్ ప్రాంతంలో కాస్త ఎత్తు ఉంటుంది, అంటే అక్కడి శబ్దాన్ని కొంచెం పెంచి ఇస్తుంది. డోలక్, కీబోర్డు, చప్పట్లు అన్నీ మోగుతున్నా పాట మాటలు వినబడేది ఆ ఎత్తువల్లే. కానీ తెలుగు ఆరాధన పాటల్లో ‘స్తుతి’, ‘స్తోత్రం’, ‘యేసు’ లాంటి మాటలు లెక్కలేనన్ని. మంచి స్పీకర్ల మీద ఆ ‘స’కారం శుభ్రంగా పలుకుతుంది. బయట కట్టిన హారన్లలో మాత్రం ఈల వేసినట్టు గుచ్చుకుంటుంది. చిన్న మిక్సర్లలో ట్రెబుల్ నాబు చాలావరకు 10,000 హెర్ట్జ్ దగ్గర, మిడ్ నాబు 2,500 దగ్గర పనిచేస్తాయి. గుచ్చుకునేది ఆ రెంటి నడుమ. నాబులు ఎంత తిప్పినా పూర్తిగా పోదు. మైకును నోటికి నేరుగా కాకుండా కాస్త వాలుగా పట్టుకుంటే సగం పోతుంది.

‘ప్రభువా’, ‘పరిశుద్ధుడా’, ‘భజన’ మాటలతో ఇంకో చిక్కు. ప, ఫ, భ పలికినప్పుడు పెదవుల నుంచి గాలి కొడుతుంది, స్పీకర్లో ధబ్ మంటుంది. గ్రిల్ (మైకు తలమీది జాలీ) లోపలి స్పాంజి కొంత ఆపుతుంది కానీ, పెదవులు ఆనించి పాడితే ఏ స్పాంజీ ఆపలేదు. పైగా నోటికి మరీ దగ్గరగా, అర సెంటీమీటరు దూరంలో పెడితే 100 హెర్ట్జ్ కింద శబ్దం 6 నుంచి 10 డెసిబెళ్లు (గట్టిదనం కొలత) అదనంగా పెరుగుతుంది. మగపిల్లలకు ఆ బరువు గొంతు ఎంతో నచ్చుతుంది, వినేవాళ్లకు మాత్రం మాటలు ముద్దయిపోతాయి. మిక్సర్లో 80 లేదా 100 హెర్ట్జ్ కింది మంద్రాన్ని తగ్గించే లో-కట్ బటన్ ఉంటే ప్రతి గొంతు ఛానెల్‌కూ నొక్కి ఉంచండి. తల మీద తిరిగే సీలింగ్ ఫ్యాను గాలి బుసబుస కూడా దాంతోనే తగ్గుతుంది.

నేర్పేవాళ్లకు 58 నచ్చడానికి కారణం ఇదే. తప్పు చేస్తే వెంటనే వినిపిస్తుంది, సరిదిద్దుకుంటే అదీ వెంటనే వినిపిస్తుంది, ప్రతిసారీ ఒకేలా. చవక మైకుల్లో కొన్నింటికి పక్కలకు తిప్పితే గొంతు రంగే మారిపోతుంది. తప్పు తనదా, మైకుదా అని పిల్లవాడికి ఎప్పటికీ తేలదు.

యౌవనస్థుల కూడిక తర్వాత అరగంట సాధనకు ఒక్క మైకు చాలు. ఫేడర్ (మిక్సర్ మీద శబ్దాన్ని పెంచే, తగ్గించే జారుడు మీట) ఒకచోట పెట్టాక దాన్ని ఎవరూ ముట్టకూడదు. మొదట పట్టు నేర్పండి. పిడి నడుమ పట్టుకోవాలి, గ్రిల్ మీద చెయ్యి పడకూడదు. సినిమా స్టేజీ షోల్లో చూసి పిల్లలు గ్రిల్‌ను పిడికిలితో మూసి పడతారు. అలా మూస్తే వెనక శబ్దాన్ని వదిలేసే గుణం పోయి మైకు అన్ని వైపుల నుంచీ లాగుతుంది, స్పీకరు కూత పెడుతుంది. మూసి ఒకసారి, వదిలి ఒకసారి అదే చరణం పాడించండి. ఉపన్యాసం అక్కర్లేదు.

తర్వాత దూరం. పెదవులకూ గ్రిల్‌కూ మధ్య రెండు వేళ్ల సందు మామూలు చోటు. ఒకే గట్టిదనంతో ‘ఆ’ అని పట్టుకుని, మైకును మెల్లగా జానెడు దూరం దాకా జరపమనండి. దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 6 డెసిబెళ్లు పడిపోతుంది, మంద్రమూ పలచబడుతుంది. మిగతా పిల్లలు కళ్లు మూసుకుని, గొంతు పలచబడిన చోట చెయ్యి ఎత్తాలి. చరణంలో పైస్థాయి అందుకునేటప్పుడు మైకును నాలుగైదు వేళ్ల దూరానికి జరిపి, పల్లవికి దిగగానే దగ్గరకు తెచ్చుకోవడం దీని తర్వాతి మెట్టు. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు, పైస్థాయిలో భయపడి మైకును ఇంకా దగ్గరకు లాక్కుంటారు. మైకును చుబుకం కిందకు దింపి, కొద్దిగా పైకి చూసేట్టు పట్టి ‘ప్రభువా’ పదిసార్లు పలికిస్తే గాలి దెబ్బ ఎలా తప్పించుకోవాలో కూడా ఆ పూటే తెలిసిపోతుంది.

ఆడపిల్లల గొంతు వినబడటం లేదని ఫిర్యాదు వచ్చినప్పుడు మైకును అనుమానించే ముందు స్కేల్ చూడండి. నడిపించే అన్నయ్య తనకు వీలైన సి లేదా డిలో పాట ఎత్తుకుంటాడు. ఆ శృతిలో అమ్మాయిల గొంతు కిందకు జారి గుసగుసలాడినట్టు అవుతుంది. 58 అసలే తక్కువ సిగ్నల్ ఇచ్చే మైకు. మెల్లని గొంతుకు 50 నుంచి 60 డెసిబెళ్ల గెయిన్ కావాల్సి వస్తుంది. చవక మిక్సర్లలో అంత పెంచితే గొంతుకంటే ముందు బుస వినిపిస్తుంది. కీబోర్డులో శృతి మార్చే ట్రాన్స్‌పోజ్ నాలుగైదు మెట్లు పెంచి అమ్మాయి చేత ఎత్తించండి, గెయిన్ ముట్టకుండానే పాట పైకి లేస్తుంది.

ఆరాధన నడిపించేవాళ్లకు ప్రత్యేకంగా మూడు చోట్ల ఈ మైకు అల్లరి పెడుతుంది. ప్రార్థనలో కళ్లు మూసుకోగానే మైకున్న చెయ్యి మెల్లగా నడుము దాకా దిగుతుంది. అప్పటికి మైకు మూతి, నేలమీద ఉన్న మానిటర్ (పాడేవాళ్లు తమ గొంతు తాము వినడానికి పెట్టే స్పీకరు) వైపు తిరిగి ఉంటుంది, కూత మొదలవుతుంది. సంఘాన్ని పాడమంటూ మైకును జనం వైపు చాపితే అది నేరుగా పెద్ద స్పీకర్ల ఎదుట పడుతుంది. చేతులెత్తినప్పుడు మైకూ పైకి పోతుంది, మాట మధ్యలో తెగుతుంది. నడిపించేవాళ్లకు స్టాండు ఇస్తే మొదటిదీ చివరిదీ పోతాయి. స్టాండు మీద మైకు వెనక కొస ఏ వైపు చూస్తుందో ఆ వరుసలోనే మానిటర్ పెట్టండి. వెనక అతి తక్కువ వింటుందని చెప్పుకున్నాం కదా, అది అక్కరకొచ్చేది ఇక్కడే. మానిటర్‌ను పక్కకు నెడితే ఆ లాభం పోతుంది.

ఎన్ని కొనాలి? ఎనిమిది మంది పాడితే ఎనిమిది కావాలనుకోవద్దు. తెరిచి ఉన్న మైకులు రెట్టింపైన ప్రతిసారీ కూత రాకుండా పెంచగలిగే హద్దు 3 డెసిబెళ్లు తగ్గుతుంది. ఒకటి నుంచి ఎనిమిదికి వెళితే 9 డెసిబెళ్లు పోయినట్టే. నున్నటి గోడలు, టైల్స్ నేల, పైన స్లాబు ఉన్న మందిరంలో ఆ తొమ్మిది చాలా ఎక్కువ. నడిపించేవాళ్లకు ఒకటి, వెనక పాడే ఇద్దరిద్దరికి ఒక్కొక్కటి చొప్పున మూడు మైకులతో అయిదుగురు చక్కగా పాడొచ్చు. ఇద్దరూ భుజాలు ఆనించి జానెడు దూరంలో నిలబడాలి, గట్టి గొంతువాళ్లు అరడుగు వెనక్కి. ఆ రెండు మైకుల మధ్య దూరం, నోటికీ మైకుకూ ఉన్న దూరానికి కనీసం మూడింతలు ఉండాలి. లేకపోతే ఒకే గొంతు రెంటిలోనూ పడి డొల్లగా వినిపిస్తుంది. ఇరవై మంది కొయిర్‌ను దూరం నుంచి పట్టడానికి మాత్రం 58 పనికిరాదు, దానికి కండెన్సర్ మైకులే కావాలి.

గెయిన్ పెట్టే పద్ధతి: ఫేడర్ సున్నా గీత మీద, ఈక్యూ (ట్రెబుల్, మిడ్, బాస్) నాబులన్నీ నడుమ. పాటలో అన్నిటికంటే గట్టిగా పాడే చరణం పాడించి, పీక్ లైటు (శబ్దం హద్దు చేరిందని చెప్పేది) మిణుకుమనే దాకా గెయిన్ పెంచి, కొంచెం వెనక్కి తిప్పండి. ‘హలో చెక్’తో పెట్టిన గెయిన్ పాట మొదలవగానే పగిలిపోతుంది, ఎందుకంటే హలో అన్నంత మెల్లగా ఎవరూ పాడరు. మైకులో ఫూ అని ఊదడం, గ్రిల్ మీద కొట్టడం మొదటిరోజే మాన్పించండి. 58కి దెబ్బ తగలకపోయినా స్పీకర్లకు తగలొచ్చు.

చిన్న సంఘాల్లో మిక్సర్ లేకుండా నేరుగా ఆంప్లిఫయర్‌కు కలుపుతారు. చాలావాటికి మైకు ఇన్‌పుట్ మోనో జాక్ కాబట్టి, ఒక కొస ఎక్స్‌ఎల్‌ఆర్ (మైకుకు పెట్టే మూడు పిన్నులది), రెండో కొస జాక్ ఉన్న వైరు వాడతారు. అయిదారు మీటర్ల దాకా ఫరవాలేదు. ఇరవై మీటర్లు లాగి ఫ్యాన్ రెగ్యులేటర్ల పక్కనుంచి తీసుకెళితే జుయ్ మంటుంది, ఎందుకంటే బయటి రొదను రద్దు చేసే రెండు తీగల బ్యాలెన్స్ అక్కడ పోయింది. అలాంటిచోట పది వేల మైకు మీద కంటే రెండు వేల చిన్న మిక్సర్ మీద ముందు ఖర్చుపెట్టడం తెలివి.

డోలక్ ముందు పెట్టినా నడుస్తుంది, హార్మోనియం వెనక మూరెడు దూరంలోనూ నడుస్తుంది. రెంటికీ ఇది ఉత్తమమేమీ కాదు.

పాస్టర్‌గారి ప్రసంగానికి? పుల్పిట్ మీద బైబిల్ చూస్తూ తల అటూ ఇటూ తిప్పేవారికి 58 నచ్చదు, నోరు జానెడు దాటితే గొంతు పడిపోతుంది. అనువాదకుడితో పంచుకోవాలంటే మరీ కష్టం.

ఇద్దరు ముగ్గురు వాడే మైకుకు నెలకోసారి స్నానం కావాలి. గ్రిల్‌ను ఎడమవైపు తిప్పి విప్పి, దాన్ని మాత్రమే గోరువెచ్చని సబ్బునీళ్లలో మెత్తని బ్రష్‌తో కడిగి, రాత్రంతా ఆరబెట్టండి. కింద మిగిలే గుండ్రటి భాగానికి నీటి చుక్క తగలకూడదు. కిందపడి గ్రిల్ సొట్టపోతే మైకు పోయిందనుకోకండి, గ్రిల్ ఒక్కటే విడిగా దొరుకుతుంది. శబ్దాన్ని పట్టే లోపలి క్యాప్సూల్ కూడా ఆర్59 పేరుతో విడిగా దొరుకుతుంది. శబ్దం తెగుతూ వస్తుంటే ముందు కేబుల్ మార్చి చూడండి, చాలాసార్లు దోషి అదే. కేబుల్‌ను మోచేతికి చుట్టే అలవాటున్న పిల్లవాడి చేత వదులు చుట్టలుగా చుట్టించడం కూడా పాఠంలో భాగమే.

దగ్గరి పోటీలో షూర్‌దే బీటా58ఏ ధర ఎక్కువ, గొంతు ఇంకాస్త ప్రకాశంగా ఉంటుంది. కానీ అది తక్కువ వినేది సరిగ్గా వెనక కాదు, వెనక రెండు పక్కల. ఒకే మానిటర్ ఉన్న చర్చిలో అది చిక్కే. సండే స్కూలు పిల్లల సాధనకు బెరింగర్ ఎక్స్ఎం8500 చాలు, ధరలో చాలా తక్కువ. కొనేటప్పుడు మా లెక్క ఇది: నడిపించేవాళ్లకు ఒక 58, వెనక వాళ్లకు రెండు 8500లు, మిగిలిన డబ్బుతో బరువైన స్టాండు ఒకటి, అయిదు మీటర్ల మంచి కేబుళ్లు మూడు. సాధన రోజున మాత్రం ఆ 58ని అందరి చేతుల్లోకీ వంతులవారీగా వెళ్లనివ్వండి.