అమెరికా, గల్ఫ్ ఐఫోన్ కొనేముందు సిమ్ ట్రే చూసుకోండి

అమెరికా ఐఫోన్ తక్కువకు వస్తోందని బయానా ఇచ్చేస్తున్నారా? ముందు ఫోన్ అంచులు నాలుగు వైపులా తడిమి చూడండి. సిమ్ ట్రే లేకపోతే ఆ ఫోన్‌లో మామూలు సిమ్ కార్డు ఎప్పటికీ పెట్టలేరు. "తర్వాత ట్రే వేయిద్దాం సార్" అనే మాట నమ్మొద్దు.

2022లో వచ్చిన ఐఫోన్ 14 దగ్గర్నుంచి అమెరికాలో అమ్మే కొత్త మోడళ్లన్నీ ఈసిమ్‌వే, అంటే కార్డు లేకుండా ఫోన్ లోపలే ఉండే డిజిటల్ సిమ్‌వే. 2025లో ఐఫోన్ 17తో సౌదీ, యూఏఈ, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్ కూడా అదే దారి పట్టాయి. కాబట్టి "గల్ఫ్ ఫోన్‌కి ట్రే ఉంటుందిలే" అనుకోవద్దు.

ఈసిమ్ చెడ్డదని కాదు. జియో, ఎయిర్‌టెల్, వీఐ ఇస్తూనే ఉన్నాయి. చిక్కల్లా ఫోన్ పాడైన రోజే. రాత్రి ఎనిమిదింటికి ఫోన్ కిందపడి డిస్‌ప్లే పోయిందనుకోండి. కార్డు సిమ్ అయితే పిన్నుతో లాగి, ఇంట్లో మూలపడున్న పాత ఫోన్‌లో వేస్తే ఐదు నిమిషాల్లో మీ నంబరు మోగుతుంది. ఈసిమ్ అయితే నంబరు ఆ పగిలిన ఫోన్‌లోనే చిక్కుకుపోతుంది. పాత ఫోన్‌కి ఈసిమ్ సౌకర్యం లేకపోతే అది ఉన్నా లేనట్టే. స్టోర్‌కెళ్లి సిమ్ మార్పించుకున్నాక కూడా 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపే నిబంధన ఉంది. బ్యాంకు ఓటీపీ రాదు. యూపీఐ యాప్ మీ నంబరు నుంచి ఎస్సెమ్మెస్ పంపి సరిచూసుకుంటుంది కాబట్టి కొత్త ఫోన్‌లో అదీ మొదలవ్వదు. చిల్లర కూడా ఫోన్‌లోంచే ఇచ్చేవాళ్లకు ఒక రోజంతా చేతులు కట్టేసినట్టే. ఊళ్లో ఒంటరిగా ఉండే అమ్మానాన్నలకు మాత్రం దయచేసి ఇలాంటి ఫోన్ పంపకండి.

దీనికంటే పెద్ద దెబ్బ క్యారియర్ లాక్, అంటే అమ్మిన టెలికాం కంపెనీ సిమ్ తప్ప వేరేది పనిచేయకుండా వేసిన తాళం. అక్కడి టెలికాం కంపెనీ దగ్గర వాయిదాల మీద తీసుకున్న ఫోన్‌కి, బాకీ తీరేదాకా చాలా కంపెనీలు లాక్ తీయవు. అది అమ్మిన కంపెనీయే తీయాలి, ఇక్కడి దుకాణం వల్ల కాదు. దుకాణంలో వైఫై మీద యూట్యూబ్ ఆడించి చూపిస్తారు. ఎంత లాక్ ఉన్నా వైఫై పనిచేస్తుంది, దాంతో తేలేదేమీ లేదు. సెట్టింగ్స్, జనరల్, అబౌట్ తెరిచి కిందికి రండి. క్యారియర్ లాక్ లేదా నెట్‌వర్క్ ప్రొవైడర్ లాక్ ఎదురుగా "నో సిమ్ రెస్ట్రిక్షన్స్" అని ఉండాలి. ఇంకే మాట కనిపించినా ఫోన్ తిరిగిచ్చేయండి.

అదే పేజీలో మోడల్ నంబరు చివర ఎల్‌ఎల్/ఎ ఉంటే అమెరికాది, హెచ్‌ఎన్/ఎ ఉంటే మన దేశంలో అమ్మడానికి వచ్చింది. మొదటి అక్షరం ఎఫ్ అయితే రిఫర్బిష్డ్ (వాడినదాన్ని బాగుచేసి మళ్లీ అమ్మినది), ఎన్ అయితే సర్వీసులో బదులుగా ఇచ్చినది. అలాంటి దాన్ని "సీల్డ్ కొత్తది" అంటే అబద్ధమే.

*#06# కొడితే 15 అంకెల ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబరు), 32 అంకెల ఈఐడీ (లోపలి ఈసిమ్ చిప్ నంబరు) వస్తాయి. కేవైఎం అని ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసి, ఖాళీ వదిలి, ఐఎంఈఐ వేసి 14422కి ఎస్సెమ్మెస్ పంపండి. బ్లాక్‌లిస్టెడ్ అనో డూప్లికేట్ అనో జవాబొస్తే బేరం అక్కడితో ఆపేయండి. అమ్మేవాళ్ల యాపిల్ అకౌంట్ మీ కళ్లముందే సైనౌట్ చేయించండి.

బిల్లు మీద ఐఎంఈఐ రాయించుకోండి. మీ నంబరు ఈసిమ్‌గా ఎక్కి ఒక కాల్ వెళ్లాకే మిగతా డబ్బు ఇస్తామని బయానా రోజే మాట్లాడుకోండి.