జనగామ, చేర్యాల రూట్లో క్లబ్ డే రైడ్: ఇన్నేళ్లు తిరిగాక నా రివ్యూ

హైదరాబాద్‌లో మా బైక్ క్లబ్‌తో ఆదివారం రైడ్లకు కొన్నేళ్లుగా వెళ్తున్నాను. ఎన్ని రూట్లు మారినా మళ్లీ మళ్లీ పెట్టేది ఒకటే: ఉప్పల్, భువనగిరి, ఆలేరు, జనగామ, అక్కడ ఎడమకు తిరిగి చేర్యాల, సిద్దిపేట, చివరికి రాజీవ్ రహదారి మీద ఇంటికి. దాదాపు 250 కిలోమీటర్లు. చేరొచ్చా అని చాలామంది అడుగుతున్నారు. చేరండి, కానీ ముందు ఆ క్లబ్‌లో స్వీప్ ఎవరో చూడండి. స్వీప్ అంటే అందరికంటే చివర వచ్చే రైడర్. పంక్చర్ కిట్, ఫస్ట్ ఎయిడ్ బాక్స్ ఆయన దగ్గరే ఉంటాయి. ఎవరు ఆగినా ఆయన ఆగుతాడు, ఆయన వెనక మనవాళ్లెవరూ ఉండకూడదు. మా స్వీప్ ఎంత ఎండలోనైనా, ఎంత ఆకలేసినా ఒక్కర్నీ వదిలి ముందుకు రాలేదు. నేను ఇంతకాలం ఈ క్లబ్‌లో ఉండటానికి సగం కారణం ఆయనే.

రెండోది మలుపుల దగ్గర పద్ధతి. ఆలేరులో కొలనుపాక దారి వస్తుంది, జనగామ చౌరస్తాలో సిద్దిపేట దారి వస్తుంది, అక్కడ ఫోన్ చూసుకుంటూ నడపడం చాలా ప్రమాదం. అందుకని లీడ్ (అందరికంటే ముందు దారి చూపే రైడర్) వెనక ఉన్న రైడర్ ఆ మలుపులో సురక్షితమైన చోట ఆగి, స్వీప్ వచ్చేదాకా అందరికీ దారి చూపిస్తాడు, తర్వాత స్వీప్ ముందు చేరిపోతాడు, ఇక తర్వాతి మలుపులో ఆగే వంతు ఇప్పుడు లీడ్ వెనక ఉన్నవాడిది. ఇది పాటించిన రోజు ఒక్కరూ తప్పిపోరు.

నాది క్లాసిక్ 350, 195 కిలోల బండి, ఈ రోడ్లకు హాయిగా సరిపోతుంది. కానీ 100 సీసీ స్ప్లెండర్ మీద వచ్చేవాళ్లు కూడా మాలో ఉన్నారు, వాళ్లను మలుపుల్లో ఆపకుండా సరిగ్గా లీడ్ వెనకే ఉంచుతారు. ఎందుకంటే గుంపులో ముందువాళ్లు 70లో వెళ్తే, ప్రతి స్పీడ్ బ్రేకర్ తర్వాతా వెనకవాళ్లు దూరం అందుకోవడానికి 80, 90 కొట్టాల్సి వస్తుంది. చిన్న బండి చివర ఉంటే ఆ కుర్రాడు రోజంతా యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని టెన్షన్‌తో నడపాల్సిందే. ఈ సంగతి తెలియని క్లబ్‌లు పెద్ద బండ్లను ముందు పెడతాయి, నాకు అది అస్సలు నచ్చదు.

హైవే మీద ఒకరు లేన్‌కు ఎడమగా, తర్వాతివారు కుడిగా, మన ముందు అదే వరసలో ఉన్న బండికి రెండు సెకన్ల దూరం. ఊళ్లోకి రాగానే ఒకే వరస. చేర్యాల వైపు వరికోతల కాలంలో వెళ్తే ఈ తేడా బాగా తెలుస్తుంది. రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి ఉంటాయి, అంచున వరసగా రాళ్లు, పక్కన మడతపెట్టిన టార్పాలిన్ పట్టాలు. వడ్ల మీద బ్రేక్ వేస్తే టైరు జారుతుంది, చీకటి పడ్డాక ఆ రాళ్లు కనిపించనే కనిపించవు. ఒకసారి మేం ఆగినచోట వడ్లు కాళ్లతో కలబెడుతున్న పెద్దమ్మ ఒకావిడ "జెర మెల్లగ పోండ్రి బిడ్డా, వడ్లు చెదురుతయి" అంది. అప్పట్నుంచి పొద్దున బ్రీఫింగ్‌లో ఆ మాట కూడా చేర్చారు. ఆరు నెలల కష్టం అది, మన చక్రాల కింద పడకూడదు.

ఇంకొకటి, ఎవరూ ముందుగా చెప్పరు. పొద్దున ఉప్పల్ నుంచి తూర్పుకు వెళ్తాం కాబట్టి ఎండ కళ్లలోకే కొడుతుంది, సాయంత్రం సిద్దిపేట నుంచి వచ్చేటప్పుడు కుడివైపు నుంచి ఏటవాలుగా కొడుతుంది. హెల్మెట్ క్లియర్ వైజర్ (ముఖం ముందుండే రంగులేని అద్దం) కింద మంచి కూలింగ్ గ్లాసెస్ పెట్టుకోండి. టింటెడ్ (నల్ల రంగు) వైజర్ ఒక్కటే తెచ్చుకుంటే గజ్వేల్ దాటి చీకటి పడ్డాక ఇబ్బంది.

ఆగే చోట్లే ఈ రూట్ బలం. కొలనుపాకలో జైన మందిరం, దగ్గర్లోనే సోమేశ్వరాలయం. ఆలేరు, జనగామ మధ్య పెంబర్తిలో ఇత్తడి రేకు మీద సుత్తి, ఉలితో బొమ్మ తేల్చడం కళ్లముందే చూడొచ్చు. చేర్యాలలో నకాషీ బొమ్మల (గుడ్డ మీద గీసే పటాలు, మాస్కులు) కోసమైతే నేను తిండి కూడా ఆలస్యం చేసుకుంటాను. ఎర్రటి నేపథ్యం మీద కులపురాణాల కథలు వరసగా నడుస్తుంటాయి, మాస్కులకు చింతగింజల జిగురు, రంపపు పొట్టు వాడతారు. కొనకపోయినా పర్వాలేదు, కానీ పదిమంది హెల్మెట్లు చేతిలో పట్టుకుని ఒక్కసారే కళాకారుల చిన్న ఇంట్లోకి దూరకండి, పని ఆగిపోతుంది.

నచ్చనివీ చెప్పాలి. సైలెన్సర్ మార్పించినవాళ్లను ఇంకా రానిస్తున్నారు. ఆ మోతతో జనగామ బజార్లో నుంచి వెళ్తుంటే పక్కన చంటిపిల్లలు ఉలిక్కిపడటం చూశాను, బాధేసింది. ఈమధ్య పేర్లు ఇచ్చిన ప్రతివాళ్లనూ తీసుకెళ్తున్నారు, గుంపు పెద్దదై చౌరస్తాలో ఊరివాళ్ల బండ్లు మా కోసం ఆగాల్సి వస్తోంది. ఆరేడుగురి చొప్పున విడగొట్టి, ప్రతి గుంపుకీ వేరే లీడ్, వేరే స్వీప్ పెట్టమని ఎన్నిసార్లు అడిగినా స్వీప్‌గా ఎవరూ ముందుకు రావట్లేదంటున్నారు. వచ్చే రైడ్‌లో ఒక గుంపుకు నేను స్వీప్ చేస్తానని పేరు ఇచ్చాను. ఇంకెవరైనా సిద్ధంగా ఉంటే చెప్పండి, ట్యూబ్‌లెస్ పంక్చర్ వేయడం నేర్పిస్తాను.