మూలన పడ్డ పీసీయా, కొన్న రౌటరా?

మాకు విశాఖ ద్వారకానగర్‌లో హెడ్డాఫీసు, ఆటోనగర్‌లో గోడౌను. రెండు చోట్లా ఫైబరు, మధ్యలో ఇంటర్నెట్ మీదుగా రెంటినీ ఒకే నెట్‌వర్కులా కలిపే టన్నెల్. "పాత పీసీలు రెండు మూలన పడి ఉండగా రౌటర్లు కొనడం ఎందుకండీ?" అన్నారు మా ఓనరు గారు. సరేనని రెండు చోట్లా పాత పీసీల్లో ఫ్రీబీఎస్‌డీ ఎక్కించాను, అది యూనిక్స్ కుటుంబపు ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్.

యూనిక్స్ మెషీన్ని రౌటర్‌గా వాడటం కొత్త సంగతి కాదు. దాని పూర్వీకుడు, 1983లో వచ్చిన 4.2బీఎస్‌డీలోనే ఇంటర్నెట్ నడిచే భాష టీసీపీ/ఐపీ ఉంది. ఒకప్పుడు 2.048 ఎంబీపీఎస్ ఈ1 లీజు లైను తగిలించాలంటే సీరియల్ కార్డు, దానికో డ్రైవరు వెతుక్కోవాలి. ఇప్పుడు లింకు ఈథర్నెట్ తీగగానే చేతికొస్తుంది, రెండు లాన్ కార్డులుంటే చాలు. ఆర్‌సీ డాట్ కాన్ఫ్ అనే సెట్టింగుల ఫైల్లో ఒక్క వరుస రాస్తే ప్యాకెట్లు ఇటు నుంచి అటు దాటతాయి. ఫైర్‌వాల్‌కి, నాట్‌కి (ఒకే ఇంటర్నెట్ అడ్రసుని అందరూ పంచుకోవడానికి) పీఎఫ్ అనే ప్రోగ్రాము ఉంది. పెద్ద నెట్‌వర్కులు దారులు చెప్పుకునే బీజీపీ జోలికి పోలేదు, రెండు ఆఫీసులకి చేత్తో రాసిన స్టాటిక్ రూటే ఎక్కువ.

పీసీ గొప్పతనం ఏదైనా చెడినప్పుడే తెలిసింది. ఒక రోజు పింగ్ వెళ్తోంది, బిల్లింగ్ పేజీ మాత్రం తెరుచుకోదు. మామూలు రౌటర్ అయితే పచ్చ లైటు చూసి, ఆపి మళ్లీ వేయడమే మన విద్య. ఇక్కడ వచ్చే పోయే ప్యాకెట్లని చూపించే టీసీపీడంప్ పెట్టాను. ఒకే పెద్ద ప్యాకెట్టు మళ్లీ మళ్లీ బయల్దేరుతోంది, జవాబు లేదు. ఈథర్నెట్ ప్యాకెట్టుకి పట్టే 1500 బైట్లలో, ఫైబరు కనెక్షన్ లాగిన్ అయ్యే పద్ధతి పీపీపీఓఈ 8 తినేసి 1492 మిగులుస్తుంది, టన్నెల్ హెడర్లు ఇంకొంత తింటాయి. చిన్న పింగ్ పట్టింది, పెద్ద ప్యాకెట్టు పట్టలేదు. పీఎఫ్‌లో మ్యాక్స్-ఎంఎస్ఎస్, అంటే ఒక ప్యాకెట్టులో పట్టే డేటా హద్దు, తగ్గించగానే పేజీ వచ్చింది.

కరెంటు లెక్కలో మాత్రం పాత పీసీ ఓడిపోతుంది. 60 వాట్ల డెస్క్‌టాప్ ఏడాదంతా నడిస్తే సుమారు 525 యూనిట్లు, 10 వాట్ల రౌటర్‌కి 88. అదే యూపీఎస్ మీద రౌటరే ఎక్కువసేపు నిలుస్తుంది.

గోడౌనులో అసలు దెబ్బ తగిలింది. ఉప్పుగాలికి, దుమ్ముకి ముందు ఫ్యాను పట్టేసింది. అది మార్చిన కొన్నాళ్లకే ఓ పొద్దున కరెంటు పోయి వచ్చాక మెషీను డిస్కుని సరిచూసే ఎఫ్ఎస్‌సీకే దగ్గర ఆగి, ఎవరైనా వచ్చి జవాబు చెప్పేదాకా కదలనంది. అక్కడ మానిటరే లేదు. "లైట్లన్నీ ఎలుగుతున్నాయండి, నెట్టు నేదు" అని కుర్రాడి ఫోను. మానిటరు బండి మీద పెట్టుకుని ఎన్ఏడీ జంక్షన్ మీదుగా చేరేసరికి మధ్యాహ్నమైంది. ఆ పూటంతా బిల్లులు చేత్తోనే రాశారు.

నేను ఉండే హెడ్డాఫీసులో యూనిక్సే ఉంచాను. కాకపోతే పాత డెస్క్‌టాప్ తీసేసి ఫ్యాను లేని చిన్న పీసీ పెట్టాను, డిస్కు మీద ఎఫ్ఎస్‌సీకే అవసరం లేని జెడ్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్. ప్యాచ్‌లు నేనే వేస్తాను. ఆ ఓపిక లేనివాళ్లు ఈ దారి పట్టొద్దు. గోడౌనుకి రౌటర్ కొనిపించాను. అదే కాన్ఫిగ్ ఎక్కించిన రెండోది బీరువాలో ఉంది. కుర్రాడికి నేర్పింది ఒక్కటే: నీలం తీగ ఎటు, పసుపు తీగ ఎటు.